న్యూటన్ వలయాల కటకంతో ద్రవ స్ఫటికాల పురి కొలుస్తున్నాం: ప్రాజెక్టు డైరీ

మే చివరి వారం

ఖమ్మంలో ఈ నెలలో 'గది ఉష్ణోగ్రత' అనే మాటకు పెద్దగా అర్థం లేదు. ఫ్యాన్ కింద పెట్టిన థర్మామీటరు కూడా మధ్యాహ్నానికి 39 చూపిస్తోంది. ప్రాజెక్టు డైరీ వాతావరణంతో మొదలవడానికి కారణం ఉంది. ద్రవ స్ఫటికాలతో, అంటే ద్రవంలా పారుతూనే అణువులు ఒక దిశకు సర్దుకుని ఉండే పదార్థాలతో, ప్రయోగం అనగానే ఎవరైనా ముందు చెప్పే పదార్థం 5సీబీ. 1970ల మొదట్లో ఇంగ్లండ్‌లోని హల్ యూనివర్సిటీలో జార్జ్ గ్రే బృందం తయారుచేసిన సయనోబైఫినైళ్లు అనే రసాయనాల్లో ఒకటి. గడ్డకట్టకుండా, వేడి చేయక్కర్లేకుండా, మామూలు గదిలోనే ద్రవ స్ఫటికంగా ఉండే పదార్థాలు డిస్‌ప్లేల తయారీకి అలా దొరికాయి. కానీ ఆ 'మామూలు గది' ఇంగ్లండ్‌ది. 5సీబీ 35 డిగ్రీల దగ్గర మామూలు ద్రవంగా మారిపోతుంది. అంటే మా ల్యాబ్‌లో వేసవంతా సీసాలో ఉండేది నీళ్లలాంటి తేట ద్రవమే, ద్రవ స్ఫటికం కాదు.

అందుకే ఇ7 తీసుకున్నాం. ఇది నాలుగు పదార్థాల మిశ్రమం. 60 డిగ్రీలకు కాస్త అటూఇటూ వరకు నెమాటిక్‌గానే (ద్రవ స్ఫటికాల్లో అన్నిటికన్నా సాదా రకంగా) ఉంటుంది. బెంగళూరులో పరిశోధన చేస్తున్న మా పూర్వ విద్యార్థిని ఒకరు చిన్న వయల్‌లో ఇచ్చింది. దాంతోపాటు ఎస్811, ఆర్811, సీబీ15 అనే కైరల్ డోపెంట్లు చిటికెడంత. డోపెంట్ అంటే కొద్దిగా కలిపే పదార్థం, కైరల్ అంటే కుడి చెయ్యి, ఎడమ చెయ్యిలా అద్దపు ప్రతిబింబంతో కలవని అణువు. 'చాలా ఖరీదైనవి సార్, జాగ్రత్త' అని మూడుసార్లు చెప్పి మరీ ఇచ్చింది.

పని ఏమిటంటే: నెమాటిక్‌లో కైరల్ పదార్థం కొంచెం కలిపితే మొత్తం ద్రవం పురి తిరుగుతుంది, అంటే అణువుల దిశ పొర పొరకూ కాస్త కాస్త తిరుగుతూ పోతుంది. ఎంత కలిపితే ఎంత పురి తిరుగుతుందో డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో ఉన్న సామాన్లతోనే కొలవాలి. మూడో సంవత్సరం పిల్లలు నలుగురు చేరారు.

జూన్ మొదటి వారం

కాలేజీ తెరవలేదు. పిల్లలకు పంపడానికి ఈ నోట్సు రాసుకున్నాను.

నెమాటిక్‌లో అణువులు కడ్డీల్లాంటివి. వాటి కేంద్రాలకు క్రమం లేదు, ద్రవంలో మాదిరే అటూఇటూ తిరుగుతుంటాయి. కానీ అన్నీ సగటున ఒకే దిక్కుకు మొహం పెట్టి ఉంటాయి. తల ఏదో తోక ఏదో తేడా లేదు. అంటే ఆ దిశకు బాణం గుర్తు ఉండదు, గీత మాత్రమే ఉంటుంది. ఈ చివరి వాక్యాన్ని పిల్లలు గట్టిగా పట్టుకోవాలి. తర్వాత లెక్కలో వచ్చే 'సగం' ఇక్కడి నుంచే పుడుతుంది.

అద్దంలో చూసినా మారని అణువులు పక్కపక్కన ఉన్నప్పుడు, ఒకటి రెండోదానికి కాస్త కుడికి వాలడానికీ కాస్త ఎడమకు వాలడానికీ శక్తిలో తేడా ఉండదు. కాబట్టి సగటున సమాంతరంగా ఉంటాయి. కైరల్ అణువు అలా కాదు. అది, దాని అద్దపు ప్రతిబింబం ఒకటి కావు. దాని పక్కన ఉన్న కడ్డీకి రెండు వాలుల్లో ఒకటి అతి కొద్దిగా సుఖంగా ఉంటుంది. ఆ కడ్డీ తన పక్కదానికి, అది ఇంకోదానికి ఆ వాలును అందిస్తుంది. నెమాటిక్‌కు పురి తిరగడం పెద్ద భారం కాదు. 5సీబీలో వంగడం కన్నా పురి తిరగడం సగానికి సగం సులువు. అందుకే ఆ చిన్న మొగ్గు ఎక్కడా ఆగిపోకుండా పేరుకుంటూ పోతుంది.

ఎంత చిన్న మొగ్గో లెక్క వేద్దాం. ఒక శాతం ఎస్811 కలిపితే దిశ ఒక పూర్తి చుట్టు తిరగడానికి సుమారు 9.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దూరం పడుతుందని అంచనా. దీన్నే పిచ్ అంటారు. అణువుల మధ్య అడ్డదూరం అర నానోమీటరు అనుకుంటే, ఒక్క చుట్టులో దాదాపు 19,000 పొరలు. 360 డిగ్రీలను 19,000తో భాగిస్తే పొరకు 0.02 డిగ్రీల కన్నా తక్కువ. అణువులు వేడికి అటూఇటూ పదుల డిగ్రీలు ఊగుతూ ఉంటాయి. ఆ గలాటాలో 0.02 డిగ్రీల వాలు నిలబడటమే కాదు, మిల్లీమీటర్లలో కొలిచే నిర్మాణంగా బయటపడుతుంది. డోపెంట్ అణువు స్క్రూలా ఉంటుంది కాబట్టి ద్రవం పురి తిరుగుతుంది అని కొన్ని చోట్ల రాస్తారు. నాకది నచ్చదు. అణువు ఆకారం చూసి పిచ్ ఎంతో చెప్పడం అంత తేలిక కాదు. కొలవాల్సిందే.

జూన్ మూడో వారం

తూకం. అరగ్రాము మిశ్రమంలో ఒక శాతం అంటే 5 మిల్లీగ్రాములు. మా ఫిజిక్స్ త్రాసుకు అది కనబడదు. కెమిస్ట్రీ వాళ్ల నాలుగు దశాంశాల త్రాసు కోసం అక్కడి మేడమ్‌ను అడిగితే ఒప్పుకున్నారు, తలుపులు మూసి ఫ్యాన్ ఆపితేనే అన్న షరతు మీద. ఆ ఉక్కపోతలో త్రాసు ముందు ఊపిరి బిగపట్టి కూర్చోవడం ఒక అనుభవం.

చిన్న బరువులు విడివిడిగా తూయడం కన్నా ఒకటే గాఢమైన మూల మిశ్రమం చేసి పలచబరచడం మేలు. 20 మిల్లీగ్రాముల ఎస్811, 480 మిల్లీగ్రాముల ఇ7 కలిపితే నాలుగు శాతం. దానికి సమాన బరువు ఇ7 చేరిస్తే రెండు, మళ్లీ అలాగే ఒకటి, అర. ఎస్811 తెల్లని పొడి, ఇ7 పాలలా మసకగా ఉండే ద్రవం. 70 డిగ్రీల నీళ్లలో వయల్ పెట్టగానే ఇ7 తేటగా మారిపోతుంది. ఆ తేట దశలో ఉన్నప్పుడే బాగా కలపాలి. చల్లారగానే మసక తిరిగి వస్తుంది. ఆ మార్పు జరిగే క్షణాన్ని పిల్లలు ఫోన్లలో తీసుకున్నారు. 1888లో ప్రాగ్‌లో రైనిట్జర్ అనే వృక్ష శాస్త్రవేత్త కొలెస్టరిల్ బెంజోయేట్‌ను వేడి చేస్తూ చూసింది ఈ మసకనూ ఈ తేటనూ. ఆ పదార్థం 145.5 డిగ్రీల దగ్గర కరిగి మసకగా ఉండి, 178.5 దగ్గర తేటపడింది. అతను చూసిన ఆ మొదటి ద్రవ స్ఫటికం కూడా పురి తిరిగినదే.

జూన్ చివర

ఇప్పుడు అసలు ఉపాయం. పిచ్ కొలవడానికి పాత పద్ధతి ఒకటి ఉంది. పురి తిరిగిన ద్రవాన్ని రెండు గాజుల మధ్య, మందం క్రమంగా పెరిగేలా పెడితే, కొన్ని మందాల దగ్గర స్పష్టమైన గీతలు కనిపిస్తాయి. గ్రాంజాన్, కానో అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తల పేర్లతో పిలుస్తారు. కానో పద్ధతి 1968 నాటిది. మందం క్రమంగా పెరగడానికి ఏటవాలు సెల్ (ద్రవం నింపే గాజు అర) చేయవచ్చు, లేదా చదునైన పలక మీద కుంభాకార కటకం పెట్టవచ్చు.

చదునైన పలక మీద కుంభాకార కటకం! మన రాష్ట్రాల్లో ఏ డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లోనైనా అది ఉంటుంది. న్యూటన్స్ రింగ్స్ ప్రాక్టికల్ సామాను. కటకానికీ పలకకూ మధ్య ఉన్న పలుచని గాలి పొరలో కాంతి వల్ల కనిపించే చీకటి వెలుగుల వలయాలను కొలిచే ప్రయోగం అది. సోడియం దీపం, ట్రావెలింగ్ మైక్రోస్కోప్, వ్యాసాల వర్గాలకు గ్రాఫు. ప్రతి ఏడాదీ విద్యార్థులు మొక్కుబడిగా చేసే ప్రయోగం.

కాబట్టి మొదట అదే చేశాం, గాలితో. వక్రతా వ్యాసార్ధం తెలిసిన కటకమే అయినా డబ్బా మీద ఉన్న విలువను నమ్మలేదు. వ్యాసాల వర్గాలకు వలయ సంఖ్యతో గ్రాఫు గీస్తే సరళరేఖ వచ్చింది, వాలు వలయానికి 2.40 చదరపు మిల్లీమీటర్లు. సోడియం కాంతి సగటు తరంగదైర్ఘ్యం 589.3 నానోమీటర్లు కాబట్టి వ్యాసార్ధం 102 సెంటీమీటర్లు. ఈ 2.40ను గోడ మీద రాసి పెట్టాం, ఇక ముందు ప్రతి లెక్కలో ఇదే కావాలి.

తర్వాత గాజుల తయారీ. అణువులు గాజు ఉపరితలం మీద ఒకే దిశలో పడుకోవాలి. పాలీవినైల్ ఆల్కహాల్‌ను నీళ్లలో ఒక శాతం కరిగించి పలుచగా పూసి, ఆరబెట్టి, వెల్వెట్ గుడ్డతో ఒకే దిశలో రుద్దాం. కటకం కుంభాకారపు వైపుకూ అదే పూత, అదే రుద్దుడు. రుద్దిన దిశ కంటికి కనబడదు కనుక అంచున మార్కర్‌తో గీత పెట్టుకున్నాం. మా అటెండర్ అన్న ఇరవై ఏళ్లుగా ఈ కటకాన్ని వేలిముద్ర పడకుండా కాపాడుతున్నాడు. దాని మీద జిగురులాంటిది పూసి గుడ్డతో రుద్దుతుంటే ఆయన మొహం చూడలేకపోయాను. వేడి నీళ్లతో పోతుందని చూపించాకే ఊరుకున్నాడు.

జులై మొదటి వారం

డోపెంట్ లేకుండా ఒక పరీక్ష. రెండు గాజుల రుద్దిన దిశలను ఒకదానికొకటి 90 డిగ్రీలు పెట్టి, మధ్యలో ఒట్టి ఇ7. అణువులు కింది గాజు నుంచి పై గాజుకు పావు చుట్టు తిరగాలి. కానీ కుడికా, ఎడమకా? ఒట్టి నెమాటిక్‌కు రెండూ సమానమే. పోలరాయిడ్ల (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే వదిలే పలకల) మధ్య చూస్తే నిజంగానే కొన్ని మచ్చలు ఒక వైపు, కొన్ని మచ్చలు ఇంకో వైపు తిరిగి, వాటి మధ్య సరిహద్దు గీతలు. మూల మిశ్రమం నుంచి 0.1 శాతం అయ్యేలా చేర్చి మళ్లీ చూస్తే సరిహద్దులు ముడుచుకుపోయి ఒకే రకం మిగిలింది.

గడియారాల్లో, కాలిక్యులేటర్లలో ఉండే డిస్‌ప్లే ఇదే. 1970లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో షాట్, హెల్ఫ్రిష్ కనిపెట్టిన 90 డిగ్రీల పురి డిస్‌ప్లే. అందులో లేశమంత కైరల్ పదార్థం కలిపేది ఈ మచ్చలు రాకుండా ఉండటానికే. అక్కడ డోపెంట్ పురిని పుట్టించదు, పుట్టించే పని గాజులదే. ఎటు తిరగాలో మాత్రం అది తేలుస్తుంది.

జులై రెండో వారం

వలయాలు వచ్చాయి.

ఒక శాతం ఎస్811. రుద్దిన దిశలు సమాంతరం. పలకను 65 డిగ్రీలకు వేడి చేసి, చుక్క వేసి, కటకాన్ని మెల్లగా దించి, నెమ్మదిగా చల్లార్చాం. కటకం వంపు చాలా తక్కువ కాబట్టి రెండు సెంటీమీటర్ల వ్యాసమున్న చుక్కకు 8 మైక్రోలీటర్లు చాలు. ఖరీదైన పదార్థానికి ఇంతకన్నా పొదుపైన సెల్ ఉండదు. కింద ఎల్‌ఈడీ టార్చి, దాని మీద బటర్ పేపరు, మాలస్ నియమం ప్రాక్టికల్ డబ్బాలోంచి తీసిన పోలరాయిడ్లు రెండు. మైక్రోస్కోప్‌లో చూసిన అమ్మాయి 'సార్, ఇది న్యూటన్స్ రింగ్సే కదా?' అంది.

చూడటానికి అలాగే ఉన్నాయి కానీ కావు. న్యూటన్ వలయాలు మెత్తగా, చీకటీ వెలుగూ ఒకదాంట్లోకి ఒకటి జారుతూ ఉంటాయి. ఇక్కడ వలయం అంటే పెన్సిల్‌తో గీసినట్టు సన్నని గీత, రెండు వైపులా వేరు వేరు ఛాయలు. సోడియం కాంతి అక్కర్లేదు, తెల్లకాంతిలోనే కనిపిస్తాయి. ఇవి కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి కలవడం వల్ల వచ్చినవి కావు. పదార్థంలోనే ఉన్న పగుళ్లు.

ఎందుకు వస్తాయంటే, రెండు గాజుల మీదా అణువుల దిశ ఒకటే. కాబట్టి మధ్యలో పురి ఎంతైనా ఉండటానికి వీల్లేదు, తిరిగి అదే దిశకు చేరాలి. దిశకు తల, తోక తేడా లేదు కనుక అర చుట్టు తిరిగినా చేరినట్టే. కాబట్టి సున్నా, అర, ఒకటి, ఒకటిన్నర చుట్లు మాత్రమే కుదురుతాయి. కటకం మధ్యలో మందం దాదాపు సున్నా, అక్కడ పురి లేదు. బయటికి వెళ్తున్నకొద్దీ మందం పెరుగుతుంది, ద్రవం తిరగాలని చూస్తుంది, గాజులు ఒప్పుకోవు. మందం పిచ్‌లో పావు వంతుకు చేరగానే, అసలు తిరగకుండా ఉండటం ఎంత ఇబ్బందో అర చుట్టు తిరగడమూ అంతే ఇబ్బంది. అక్కడే మొదటి గీత. దాటితే అర చుట్టు. తర్వాతి గీత పిచ్‌లో ముప్పావు దగ్గర. అలా ప్రతి అర పిచ్ మందానికీ ఒక గీత.

న్యూటన్ వలయాల్లో కూడా మందం సగం తరంగదైర్ఘ్యం పెరిగినప్పుడల్లా ఒక వలయం. అక్కడి సగానికి కారణం వేరు, కాంతి కిందికి వెళ్లి పైకి వస్తుంది కాబట్టి మందం రెండుసార్లు లెక్కకు వస్తుంది. ఇక్కడి సగానికి కారణం అణువులకు తలా తోకా తేడా లేకపోవడం. భౌతికంగా ఒకదానికొకటి సంబంధం లేని ఈ రెండు సగాలు సూత్రంలో ఒకే చోట వచ్చి కూర్చున్నాయి. కాబట్టి వ్యాసవర్గాల గ్రాఫులో తరంగదైర్ఘ్యం ఉన్న చోట పిచ్ పెట్టేస్తే సరిపోతుంది. రెండు గ్రాఫుల్లోనూ అదే కటకం, కాబట్టి వక్రతా వ్యాసార్ధం కూడా రద్దవుతుంది. ద్రవ స్ఫటికపు గ్రాఫు వాలును గాలి గ్రాఫు వాలుతో భాగించి 589.3తో గుణిస్తే పిచ్ నానోమీటర్లలో వస్తుంది. ఇంతే లెక్క. ఈ సంగతి బోర్డు మీద తేలినప్పుడు నాకు కలిగిన సంతోషం పిల్లలకు అర్థమైందో లేదో తెలీదు, వాళ్లు అప్పటికే రీడింగులు తీసుకుంటున్నారు.

మొదటి వలయం వ్యాసం 4.4 మి.మీ., రెండోది 7.6, మూడోది 9.85, నాలుగోది 11.65. వర్గాలు చేసి గీస్తే వాలు 38.8 చదరపు మి.మీ. దీన్ని 2.40తో భాగిస్తే 16.2. పిచ్ 9.5 మైక్రాన్లు. ఇంకొక సాక్ష్యం కూడా ఉంది. ఈ రేఖ సున్నా దగ్గర కాకుండా సగం దగ్గర అక్షాన్ని తాకింది. మొదటి గీత పావు పిచ్ దగ్గర రావాలన్న లెక్కకు ఇది రుజువు. గాజుల మధ్య దుమ్ము కణం పడితే ఈ ఖండన బిందువు జరుగుతుంది, వాలు మాత్రం జరగదు. కాబట్టి పిచ్‌ను వాలు నుంచే తీయాలి, ఒకే ఒక వలయం కొలిచి లెక్క వేయకూడదు.

జులై చివర

నాలుగు మిశ్రమాలూ పూర్తి. అర శాతానికి పిచ్ 18.9 మైక్రాన్లు, ఒక శాతానికి 9.5, రెండుకు 4.81, నాలుగుకు 2.46. డోపెంట్ రెట్టింపైతే పిచ్ సగం. పిచ్ విలోమాన్ని గాఢతతో (ఒక శాతం అంటే 0.01) భాగిస్తే పురి తిప్పే శక్తి వస్తుంది: వరుసగా 10.6, 10.5, 10.4, 10.2, మైక్రాన్‌కు. గాఢత పెరిగేకొద్దీ కొంచెం తగ్గడం తూకం దోషమో నిజమో ఈ రీడింగులతో తేల్చలేం. డోపెంట్ అణువులు ఒకదానికొకటి దూరంగా ఉన్నంతవరకే ఈ అనులోమ సూత్రం కచ్చితం, గాఢత బాగా పెరిగితే వంగుతుంది. సగటు 10.4గా తీసుకున్నాం.

నాలుగు శాతం మిశ్రమంలో ఒక వింత. వలయాలు దగ్గరదగ్గరగా చాలా ఉన్నాయి. లోపలి వాటికి వ్యాసవర్గాల తేడా క్రమంగా 10 చొప్పున వస్తోంది. కొంత మందం దాటాక ఉన్నట్టుండి 20 చొప్పున. గ్రాఫు మధ్యలో విరిగినట్టు ఉంది. మైక్రోస్కోప్‌లో చూస్తే బయటి గీతలు లోపలి వాటి కన్నా లావుగా ఉన్నాయి. పలుచని చోట్ల ఒక్కో గీత దగ్గర అర పిచ్ చేరుతుంది. మందమైన చోట్ల రెండు గీతలు కలిసి ఒకే జంటగా మారి, ఒకేసారి పూర్తి పిచ్ చేరడం శక్తిపరంగా లాభం. అందుకే తేడా రెట్టింపు. రికార్డులో ఈ రెండు భాగాలకూ విడివిడిగా రేఖలు గీయమన్నాను.

ఆగస్టు మొదటి వారం

పిచ్ పరిమాణం వచ్చింది, ఇక పురి ఎటు? ఎస్811 ఎడమ పురి ఇస్తుందని చెబుతారు. మన కళ్లతో చూడాలి.

పద్ధతి తేలిక: కటకాన్ని పలక మీద మెల్లగా కొంచెం తిప్పడం. పైనుంచి చూస్తూ సవ్యదిశలో 30 డిగ్రీలు తిప్పాం. వేడి గాలి ఊది తేటగా చేసి మళ్లీ చల్లార్చాం. 4.4 ఉన్న మొదటి వలయం 5.1 మి.మీ.కు పెరిగింది. అపసవ్యంగా 30 తిప్పితే 3.6కు కుంచించుకుంది. కారణం ఇది. పై గాజును పురి తిరిగే దిక్కుకే తిప్పితే, ద్రవానికి కొంత పురి ఉచితంగా దొరికినట్టు. తర్వాతి అర చుట్టు కోసం అది ఇంకా మందమైన చోటు దాకా ఆగగలదు, గీత బయటికి జరుగుతుంది. పైకి వస్తున్నకొద్దీ సవ్యదిశలో తిరిగేది ఎడమ పురి. కాబట్టి ఎస్811ది ఎడమ పురే.

ఇక్కడ పిల్లలందరూ పడిన గోతి ఒకటి. ఎస్ అంటే ఎడమ, ఆర్ అంటే కుడి అని రాసేసుకున్నారు. ఆ అక్షరాలు కార్బన్ చుట్టూ ఉన్న నాలుగు సమూహాల అమరికకు రసాయన శాస్త్రం పెట్టిన గుర్తులు మాత్రమే. సీబీ15లోని కైరల్ కార్బన్ కూడా ఎస్ రకమే. దాన్ని ఒక శాతం వేసి ఇదే పరీక్ష చేస్తే వలయాలు వ్యతిరేకంగా కదిలాయి, అంటే కుడి పురి. కైరల్ కార్బన్ అణువులోని గట్టి భాగం నుంచి లెక్కిస్తే సరి సంఖ్య స్థానంలో ఉందా బేసిలో ఉందా అన్నదాన్ని బట్టి చేతివాటం మారుతుందని గ్రే, మెక్‌డానెల్ 1977లో ఒక నియమం ఇచ్చారు. సరళమైన అణువులకు బాగా పనిచేస్తుంది. మన సీబీ15కు సరిపోయింది.

ఆగస్టు మూడో వారం

ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం.

పురి శక్తులు కూడికకు లొంగుతాయా? ఎడమ పురికి ఋణ గుర్తు, కుడి పురికి ధన గుర్తు పెట్టి కూడితే మిశ్రమం పురి రావాలి. మొదట ఎస్811, ఆర్811 చెరి ఒక శాతం. ఇవి ఒకదానికొకటి అద్దపు ప్రతిబింబాలు కాబట్టి రద్దు కావడంలో ఆశ్చర్యం లేదు. రుద్దిన దిశను పోలరాయిడ్‌కు సమాంతరంగా పెడితే ఒట్టి ఇ7 లాగే అంతా చీకటి, ఒక్క వలయం లేదు.

అసలు ప్రశ్న సీబీ15తో. ఆకారంలోనూ పరిమాణంలోనూ ఎస్811కు పోలికే లేని అణువు. దానికి అద్దపు ప్రతిబింబం అంతకన్నా కాదు. విడిగా కొలిస్తే ఒక శాతానికి వ్యాసవర్గాల వాలు 55.9, పిచ్ 13.7 మైక్రాన్లు, పురి శక్తి 7.3. కూడిక నిజమైతే ఒక శాతం ఎస్811ను 1.42 శాతం సీబీ15 చంపేయాలి.

1.3 శాతంతో చూస్తే ఒకే ఒక్క వలయం, 15 మి.మీ. వ్యాసం, చుక్క అంచుకు దగ్గరగా. అంటే పిచ్ 110 మైక్రాన్ల చుట్టూ. కటకం తిప్పి చూస్తే ఇంకా ఎడమ పురే. 1.5 శాతంతో వలయం చుక్క అంచునే ఉంది, తిప్పితే కుడి పురి. 1.42తో మొత్తం చీకటి. మధ్యలో ఎక్కడో సున్నాను దాటాం అన్నది రెండు వైపుల నుంచీ తెలిసింది. ఇలా సున్నా దగ్గర పట్టుకోవడం విడి విడి కొలతల కన్నా నమ్మదగింది, ఎందుకంటే పిచ్ పెద్దదైనకొద్దీ చిన్న తేడా కూడా వలయం వ్యాసంలో పెద్దగా కనబడుతుంది. వైవాలో ఒకాయన అడిగారు: 'రెండు రకాల కైరల్ అణువులూ ఇంకా లోపలే ఉన్నాయి కదా, మరి ద్రవం కైరల్ కాదంటారా?' అణువులు కైరలే, పురి మాత్రం లేదు. ఈ రెండూ వేరని ఆ చీకటి చుక్కను చూపించి చెప్పడం తేలికైంది.

సెప్టెంబరు

పిచ్‌ను కాంతి తరంగదైర్ఘ్యం దాకా తగ్గిస్తే ద్రవమే రంగు వెదజల్లుతుంది. పిచ్‌ను సగటు వక్రీభవన గుణకంతో గుణిస్తే ప్రతిఫలించే రంగు. ఇ7కు ఆ గుణకం 1.6 చుట్టూ. పచ్చరంగుకు పిచ్ 0.33 మైక్రాన్లు కావాలి. అప్పుడు పొరకు అర డిగ్రీ పైన వాలు. ఎస్811తో అయితే దాదాపు 29 శాతం కలపాలి, అంత కలిపాక అది ఇ7 అని చెప్పుకోవడమే కష్టం. బెంగళూరు నుంచి ఆర్5011 అనే కుడి పురి డోపెంట్ కొంచెం తెప్పించాం. దాని పురి శక్తి 100 దాటుతుంది, మూడు శాతానికి కాస్త తక్కువ చాలు.

రెండు గాజుల మధ్య పలుచగా పరిచి, వెనక నల్ల కాగితం పెడితే ఆకుపచ్చ. వాల్చి చూస్తే నీలం వైపు జరుగుతుంది. 3డీ సినిమా కళ్లద్దాల్లో వృత్తాకార ధ్రువణం రకం ఉంటాయి, అంటే కుడికి మెలి తిరిగే కాంతిని ఒక అద్దం, ఎడమకు తిరిగేదాన్ని ఇంకో అద్దం వదిలేవి. ఒక కంటి అద్దం నుంచి చూస్తే రంగు నిండుగా ఉంది, రెండో కంటి నుంచి నలుపు. కుడి పురి కుడి వృత్త ధ్రువణ కాంతిని మాత్రమే వెనక్కి పంపుతుంది, ఎడమదాన్ని లోపలికి వదిలేస్తుంది. అందుకే ఎంత మందం పరిచినా మామూలు కాంతిలో సగానికి మించి ప్రతిఫలించదు.

1911లో భౌతిక శాస్త్రవేత్త మైకెల్సన్ పేడపురుగుల కుటుంబానికే చెందిన ఒక బంగారు రంగు బీటిల్ రెక్కల్లో ఇలాంటి వృత్త ధ్రువణాన్ని గమనించాడు. అది చెప్పగానే ఒకడు వానలకు చేలో దొరికిన జీరంగిని అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చాడు. రెండు కళ్ల నుంచీ ఒకేలా మెరిసింది. దాని రంగు పురి వల్ల వచ్చింది కాదు, పురి లేని పలుచని పొరల దొంతర వల్ల వచ్చింది. మెరిసేదంతా కొలెస్టరిక్ (పురి తిరిగిన ద్రవ స్ఫటికం లాంటిది) కాదని చూపించడానికి ఇంతకన్నా మంచి నమూనా దొరకదు కాబట్టి, దాన్ని వదిలేసే ముందు రెండు కళ్ల నుంచీ ఫొటోలు తీయించి రికార్డులో అతికించాను.

వచ్చే సెమిస్టరుకు మిగిలినవి: సోయా లెసిథిన్ పూసి అణువులను గాజుకు నిలువుగా నిలబెడితే, మందం దాదాపు పిచ్ అంత అయ్యేవరకు పురి విప్పుకుని ఉండాలి. అంటే ఒక శాతం మిశ్రమంలో మధ్యన సుమారు 9 మి.మీ. వ్యాసమున్న నల్లని బిళ్ల, దాని బయట వేలిముద్రల్లాంటి చారలు. బోటనీ వాళ్ల మైక్రోస్కోప్ అడగాలి. ఒక శాతం ఎస్811 మిశ్రమం ఇంకా 150 మిల్లీగ్రాములు ఉంది, ఫ్రిజ్‌లో పెట్టి సీసా మీద తేదీ రాశాం.